మంగళవారం దాకా తొమ్మిదడుగులు

మట్టపర్తి వీరభద్రరావు ఇంటి కింది వాటా శ్లాబు, ఆయన భార్య సత్యవేణి మంచం పట్టిన దగ్గర్నుంచి సగటున నెలకు అంగుళంన్నర చొప్పున దిగుతూ, మూడేళ్లలో పదడుగుల ఎత్తు నుంచి అయిదున్నర అడుగులకు వచ్చింది. గోడలు బీటలు వారలేదు. సున్నం పెళ్లలు రాలలేదు. వానాకాలంలో చుక్క కారలేదు. ఈ విషయంలో ఇల్లు కట్టిన మేస్త్రికి ఊళ్లో మంచి పేరే వచ్చింది.

సత్యవేణికి నలభై రెండేళ్లు. ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. చంక కింద ముడత పడకుండా చెయ్యి అతికించడంలో గోదావరి ఒడ్డున ఉన్న ఆ పట్టణంలో ఆవిడ తర్వాతే ఎవరైనా అని పేరు. మూడేళ్ల కిందట, శ్రావణమాసం ఇంకా పది రోజులుందనగా, ఇరవై ఆరు జాకెట్టు ముక్కల్ని కత్తిరించకుండా మడతపెట్టి, వాటి మీద కత్తెర పెట్టి, వెళ్లి పడుకుంది. ఏమైందని అడిగితే ఏమీ అవలేదంది. అది నిజమే. ఏమీ అవలేదు. మర్నాటికి శ్లాబు పావంగుళం దిగింది.

వీరభద్రరావు ఆర్టీసీ డిపోలో కంట్రోలరు. ఏ బస్సు ఎన్నింటికి వచ్చిందో, ఎన్నింటికి పోయిందో రాయడం ఆయన ఉద్యోగం. కాబట్టి ఆయన కంగారు పడలేదు. ఒక రూళ్ల పుస్తకం కొన్నాడు. రోజూ పొద్దున్న ఆరుంబావుకి, ఎలాగూ ఖాళీగా పడున్న సత్యవేణి కొలతల టేపుతో శ్లాబు ఎత్తు చూసి, తేదీ వేసి రాసి, కింద సంతకం పెట్టేవాడు. ఆ సంతకం ఎవరు చూస్తారని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. డిపోలో కూడా ఎవరూ చూడరు.

ఇంట్లోవాళ్లు సర్దుకున్నారు. వడ్రంగి ఏటా దీపావళి ముందు వచ్చి తలుపుల్ని పైన కోసి వెళ్లేవాడు. బీరువా కాళ్లు తీసేశారు, ఆ తర్వాత బీరువానే పడుకోబెట్టారు. పెళ్లిఫొటో మేకు మేకూ దిగుతూ గ్యాసుబండ పక్కకి చేరింది. వీరభద్రరావు అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషి. ఇంట్లో మెడ పక్కకి వాల్చి తిరగడం అలవాటైపోయి డిపోలోనూ అలాగే నిలబడేవాడు. డ్రైవర్లు ఆయనేదో శ్రద్ధగా వింటున్నాడనుకుని తమ కష్టాలన్నీ చెప్పుకునేవారు.

ఆయన తల్లి మంగతాయారు ఎత్తు నాలుగడుగుల పదంగుళాలు. ఆవిడ శ్లాబు వల్ల కలిగిన లాభాలే చూసింది. బూజు దులపడానికి కర్ర అక్కర్లేకపోయింది. బల్బు మార్చడానికి స్టూలు అక్కర్లేకపోయింది. వచ్చినవాళ్లందరూ వంగి లోపలికి రావడం చూసి, ఇన్నాళ్లకి జనానికి పెద్దవాళ్లంటే మర్యాద తెలిసిందనేది. ఆవిడ చేసిన ఒక్క పని మాత్రం కొడుకు పుస్తకంలోకి ఎక్కలేదు. శ్లాబు ఇంకా తొమ్మిదిన్నర అడుగుల దగ్గరున్నప్పుడే, అంటే ఫ్యాను ఎవరి తలకీ తగిలే ప్రమాదం లేనప్పుడే, ఎలక్ట్రీషియన్ని పిలిచి ఇంట్లోని మూడు ఫ్యాన్లూ దింపించి తన మంచం కింద పెట్టించింది. ఎందుకమ్మా అని కొడుకు అడిగితే, "చప్పుడు చేస్తున్నాయిరా" అంది. వీరభద్రరావు ఇంకో ప్రశ్న వెయ్యలేదు. బజారుకెళ్లి రెండు టేబుల్ ఫ్యాన్లు తెచ్చాడు.

బంధువులు పరామర్శకి వచ్చేవారు. "అందరిళ్లకీ శ్లాబులున్నాయి. అందరూ దించుకుంటున్నారా?" అని వీరభద్రరావు మేనత్త అడిగింది. "నువ్వే కాస్త మనసు గట్టి చేసుకుని రెండు చేతులతో పైకి తొయ్యాలమ్మా" అన్నాడు మేనమామ, నడుం వంచి కాఫీ తాగుతూ. సత్యవేణి పెద్దల మాట తీసెయ్యని మనిషి కాబట్టి లేచి నిలబడి రెండు చేతులూ శ్లాబుకి ఆనించింది. శ్లాబు కదల్లేదు. "మనస్ఫూర్తిగా తొయ్యట్లేదు" అని తేల్చేసి, ఆయన ఇంకో కాఫీ అడిగాడు.

మందులు వాడలేదని కాదు. మొదటి డాక్టరిచ్చిన బిళ్లలకి శ్లాబు మూడంగుళాలు లేచి, అక్కడ నెల్లాళ్లు ఆగి, తిరిగి బయల్దేరింది. రెండో డాక్టరు బిళ్లలకి లేవలేదు గాని దిగడం కాస్త నిదానించింది. మూడో డాక్టరు బిళ్లలకి సత్యవేణి నోరు ఎండిపోయేది. శ్లాబుకి ఏమీ ఎండలేదు.

పై వాటాలో అద్దెకుంటున్న రిటైర్డ్ పోస్టుమాస్టరు సత్తిరాజు గారి నేల మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. దాంతో కింది శ్లాబుకీ పై నేలకీ మధ్య నాలుగున్నర అడుగుల ఖాళీ ఏర్పడింది. అది ఎవరిదన్నది తేలలేదు. తేలేలోగా సత్తిరాజు గారు తన వంటింట్లో రెండు బండలు తీయించి, రజాయిలూ ఊరగాయ జాడీలూ అందులోకి దించుకున్నారు. "మీ ఆవిడ ఇలా అవడం మాకు కలిసొచ్చిందండి" అనేవారు వీరభద్రరావుతో. ఆ మాటలో చెడ్డ ఉద్దేశం లేదు.

శ్లాబు అయిదున్నర అడుగులకు చేరిన వారంలో, పురపాలక సంఘం పట్టణ ప్రణాళిక విభాగం సూపర్‌వైజరు సుబ్బారాయుడు వచ్చాడు. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. తన ఇనప టేపుతో మూడు చోట్ల కొలిచి, మోకాళ్ల మీద కూర్చుని నోటీసు చదివి వినిపించాడు. తొమ్మిదడుగులు, ఆ పైన ఎత్తున్నది నివాసం. తొమ్మిదికి తక్కువైతే సామాన్ల గది. అయిదుకి తక్కువైతే అటక. అటకగా నమోదైన చోట మనుషులు ఉండరాదు. ఉన్నచో వారిని సామాన్లుగా పరిగణించవలెను.

"అంటే మా ఆవిడనాండీ?" అన్నాడు వీరభద్రరావు.

"ఆయ్. ఆవిడొక్కర్నేనండి. శ్లాబు దిగేది ఆవిడ పేరు మీదే కదా. మీరూ అమ్మగారూ సామాను తాలూకు మనుషుల కింద వస్తారు."

"సామానంటే ఏం చేస్తారు బాబూ?" అంది మంగతాయారు.

"ఏమీ చెయ్యమండి, అదే అందులో సదుపాయం. ఓటర్ల జాబితాలోంచి పేరు తీసి సామాన్ల జాబితాలో రాస్తాం. ఇంక పెళ్లిళ్లకి పిలవక్కర్లేదు. ఏం వండమంటావని అడగక్కర్లేదు. ఏడాదికోసారి దులిపితే చాలు." సుబ్బారాయుడు నోటీసు మడతపెట్టి ఇచ్చాడు. "ఏమనుకోకండి. ఈ వార్డులో చాలా ఇళ్లల్లో ఉన్నారు. నమోదు కాలేదంతే. నాలుగు నెలలకి మళ్లీ వచ్చి కొలుస్తానండి."

ఇలాగే దిగితే సరిగ్గా నాలుగు నెలలే పడుతుంది. సత్యవేణి టేపు పొడవు అరవై అంగుళాలు, అంటే అయిదడుగులు. ఇన్నాళ్లూ వీరభద్రరావు టేపు పూర్తిగా పట్టి, గోడ మీద పెన్సిలు గీత పెట్టి, పైన మిగిలింది మళ్లీ కొలిచి కలిపేవాడు. టేపు ఒక్కసారికే సరిపోయిన రోజున తన భార్య పేరు ఏ జాబితాలో ఉంటుందో ఇప్పుడాయనకి తెలిసింది. మర్నాడు ఎత్తు రాసిన తర్వాత, ఎప్పుడూ ఖాళీగా వదిలే వివరాల గడిలో మొదటిసారి ఒక మాట రాశాడు. 'భయం.'

మూడో డాక్టరు మంచివాడు. తన వల్ల కావడం లేదని చెప్పి, చీటీ మీద ఇంకో డాక్టరు పేరు రాసిచ్చాడు. డాక్టర్ జుబేదా ఆసుపత్రి గంటంపావు బస్సు దూరంలో, పక్క పట్నంలో, ఓ పాతకాలపు బంగళాలో ఉంది. దూలాల కప్పు పద్నాలుగు అడుగుల ఎత్తు. ఆవిడ వీరభద్రరావు పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. అంతవరకూ దాన్ని పూర్తిగా చదివిన మనిషి ఆవిడొక్కతే. 'భయం' దగ్గర కాసేపు ఆగింది.

"రెండు రకాల మందులు సరైన మోతాదులో, సరిపడినన్నాళ్లు వాడినా లేవకపోతే దాన్ని మొండి శ్లాబు అంటామండి. మనిషి మొండిదని కాదు" అందావిడ. "దీనికి కెటమిన్ అని ఒక మందుంది. ఆపరేషన్లకి మత్తిచ్చేదే. బాగా తక్కువ మోతాదులో, సెలైన్‌లో కలిపి నలభై నిమిషాలు ఎక్కిస్తాం. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం. అలా ముందు ఆరుసార్లు. ఆ తర్వాత ఎంత ఎడం పెట్టొచ్చో శ్లాబే చెబుతుంది. అందరికీ పని చేస్తుందని చెప్పను. చేస్తే మాత్రం తొందరగా తెలుస్తుంది."

"లేచింది లేచినట్టు ఉంటుందా అమ్మా?" అని మంగతాయారు అడిగింది.

"ఉండదండి. దిగుతుంది. మళ్లీ ఎక్కించాలి."

"దిగిపోయేదానికి లేపడం ఎందుకు?"

"పొద్దున్న ఏం తిన్నారండి?"

"ఇడ్లీ."

"అరిగిపోతుంది కదా. తినడం ఎందుకు?"

మాటకి మాట తడుముకోవడం మంగతాయారు జీవితంలో అదే మొదలు. దారి పొడుగునా ఆలోచించింది. బస్సు దిగేటప్పుడు, "అయినా ఇడ్లీకి సూది లేదుగా" అంది.

ఆవిడకి ఇంకో అభ్యంతరం కూడా ఉంది. మంగళవారం చేసిన పని మళ్లీ చెయ్యాల్సొస్తుందని ఆవిడ గట్టి నమ్మకం. ఆసుపత్రి మెట్లు మంగళవారం ఎక్కితే ఇంక అంతే, ఎక్కుతూనే ఉండాలి. అందుకని పట్టుబట్టి శుక్రవారం మొదలుపెట్టించింది. ఏ రోజైనా మందుకి తెలియదండి, అంది డాక్టరు.

శుక్రవారం సత్యవేణి ఏమీ తినకుండా వెళ్లింది. నర్సు సూది గుచ్చి, గుచ్చిన చేతిని దుప్పటి మీద పెట్టి, పది నిమిషాలకోసారి బీపీ చూసింది. నలభై నిమిషాలయ్యాక, ఇంకో గంట కూర్చోబెట్టి, డాక్టరు ఎలా ఉందని అడిగింది.

"నా చెయ్యి నాది కాదనిపించిందండి. పక్కింటావిడ దగ్గర ఎరువు తెచ్చుకున్నట్టుంది."

"ఆ తర్వాత?"

సత్యవేణి ఆలోచించింది. "నన్నెవరో కుట్లు విప్పేసి ముక్కలు ముక్కలుగా పరిచారు. నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేశారు. మళ్లీ కుట్టేటప్పుడు కాస్త వదులుగా కుట్టారు."

మూడేళ్లలో ఆవిడ ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడ్డం అదే. డాక్టరు అది యథాతథంగా రాసుకుని, ఈ రోజంతా పొయ్యి దగ్గరికి వెళ్లకూడదు, మిషను తొక్కకూడదు, కాగితాల మీద సంతకాలు పెట్టకూడదు అని చెప్పింది.

"పొయ్యి దగ్గరికి వెళ్లకూడదా?" అంది మంగతాయారు. "ఈ మందు సంగతి నా పెళ్లయిన కొత్తలో ఎవరూ చెప్పలేదే!"

శనివారం పొద్దున్న ఆరుంబావుకి శ్లాబు ఏడడుగుల ఎనిమిదంగుళాలు. వీరభద్రరావు అలవాటుగా మెడ వాల్చి లేచి, చెయ్యి పైకి పెట్టి, ఏమీ తగలకపోయేసరికి ఇంకాస్త పైకి పెట్టి, ఇంట్లో మూడేళ్ల తర్వాత మొదటిసారి ఒళ్లు విరుచుకున్నాడు. సత్యవేణి తనంతట తాను వంటింట్లోకి వచ్చింది. అత్తగారు చారుకి పోపు పెడుతోంది. "ఇంగువ వాసన తెలుస్తోందత్తయ్యా" అంది. మంగతాయారు వెనక్కి తిరగలేదు. ఇంగువ ఇంకో చిటికెడు వేసింది.

పై వాటాలో సత్తిరాజు గారి రజాయిలు తమంతట తామే వంటింట్లోకి పొంగి వచ్చాయి. రెండు జాడీలు పగిలాయి. ఆయన కిందికొచ్చి, ఇలా చెప్పాపెట్టకుండా బాగుపడితే ఎలాగండీ అని నెమ్మదిగానే అడిగి వెళ్లారు.

మంగళవారం వాళ్లు ఆసుపత్రికి వెళ్లలేదు. శ్లాబు లేచింది. శుక్రవారం మొదలుపెట్టిన పని, కాబట్టి మళ్లీ చెయ్యక్కర్లేదు. నర్సు ఫోన్ చేసి రమ్మంటే, "లేచిపోయిందండీ!" అన్నాడు వీరభద్రరావు, బస్సు టైముకి ముందే వచ్చేసినట్టు. బంధువులొచ్చి కొబ్బరికాయ కొట్టారు. మేనమామ శ్లాబు కింద నిటారుగా నిలబడి, తన సలహా పని చేసిందన్నాడు.

బుధవారం రెండంగుళాలు దిగింది. గురువారం నాలుగు. ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. పదకొండో రోజుకి శ్లాబు అయిదడుగుల రెండంగుళాలు. మునుపటికంటే కింద. ఆ రోజు సోమవారం. వీరభద్రరావు టేపు పూర్తిగా పట్టాక పైన మిగిలిన జాగాలో రెండు వేళ్లు పెట్టి చూసి, టేపు వదిలేశాడు.

"నమోదు చేసేసుకోమనండి" అంది సత్యవేణి, గోడ వైపు తిరిగి. "లేవడం, పడ్డం నావల్ల కాదు. అసలు లేవకపోయినా బాగుండేది. అటక మీద వాటిని ఎవరూ ఏమీ అడగరు కదా."

వీరభద్రరావు పుస్తకం తెరిచి, ఏం రాయాలో తోచక మూసేశాడు. మంగతాయారు వచ్చి మంచం మీద కోడలి కాళ్ల దగ్గర కూర్చుంది.

"శ్లాబెంత ఉందమ్మాయ్?"

"అయిదూ రెండు."

"నేను నాలుగూ పది. ఇంకో నాలుగంగుళాలు దిగితే గాని నా నెత్తికి తగలదు. అందాకా నాకేం తెలియదనుకున్నావా?"

సత్యవేణి గోడ వైపు నుంచి ఇటు తిరిగింది.

"ఫ్యాన్లు చప్పుడు చేస్తున్నాయని దింపించానా నేను?"

"నాకు తెలుసత్తయ్యా."

"నీకు తెలుసని నాకూ తెలుసు." ముసలావిడ కోడలి పాదం పట్టుకుంది. తర్వాత, "ఒరేయ్ భద్రం, రేపేం వారం?" అంది.

"మంగళవారమే."

"మంచిది. రేపు మొదలెడితే మళ్లీ మళ్లీ ఎక్కాల్సొస్తుంది ఆ మెట్లు. మనకి కావలసింది అదే. తప్పు నాదే, శుక్రవారం పెట్టించాను." లేచి చీర దులుపుకుంది. "నిన్న తిన్న ఇడ్లీ అరిగిపోయిందని ఇవాళ మానేశానా? అలా పడుకునే ఉండు, లేవద్దు, ఎవరొద్దన్నారు. రేపు బస్సులో కూడా పడుకునే వద్దువుగాని. మీ ఆయన కంట్రోలరే కదా, వెనక సీటు ఖాళీ చేయిస్తాడు."

డాక్టర్ జుబేదా కొత్త చీటీ తీసి 'మొదటిది' అని రాసింది. ఇలాంటి మొదటివి ఆవిడ సొరుగులో చాలా ఉన్నాయి.

ఈసారి మంగళవారాలూ శుక్రవారాలూ వరసగా నడిచాయి. శ్లాబు లేచేది, దిగేది. ఏడుకి లేచి ఆరుంబావుకి దిగింది. ఎనిమిదికి లేచి ఏడున్నరకి దిగింది. దిగినప్పుడల్లా కిందటిసారి కంటే కాస్త పైన ఆగేది. డిపోలో అయితే దీన్ని సర్వీసు కుదురుకోవడం అంటారు. తలుపుల మీద పైన కోసిన జాగాలు మిగిలిపోయాయి. ఆ ముక్కలేవని వడ్రంగిని అడిగితే, ఎప్పుడో పొయ్యిలో పెట్టేశామండి అన్నాడు. దాంతో తలుపులు మూసినా పైనుంచి వెలుతురు వచ్చేది. అలాగే ఉంచేశారు. నాలుగోసారి తర్వాత వచ్చిన ఆదివారం, ఏ కారణమూ లేకుండా, శ్లాబు అడుగు దిగింది. ఎవరూ కంగారు పడలేదని చెప్పలేం. మంగతాయారు వెళ్లి ఇడ్లీకి పప్పు నానబోసింది.

ఆరోసారి అయిన మర్నాడు వీరభద్రరావుకి టేపు కనబడలేదు. వెతగ్గా వెతగ్గా సత్యవేణి మెడలో ఉంది.

"శ్లాబు కొలవాలి" అన్నాడు.

"జాకెట్లు కొలవాలండి. ఇరవై ఆరున్నాయి. మూడేళ్లనాటి కొలతలు ఇప్పుడెవరికీ పట్టవు. అందర్నీ మళ్లీ పిలవాలి."

"మరి శ్లాబు?"

"నిలబడండి. తల తగిలిందా?"

"లేదు."

"అలాగని రాసుకోండి."

వీరభద్రరావు పుస్తకంలో ఎత్తు గడి ఖాళీగా వదిలి, వివరాల గడిలో 'టేపు లేదు' అని రాసి సంతకం పెట్టాడు. మళ్లీ ఆ పేజీ తెరిచి చూసుకున్నాడు. డిపోకి ఆ రోజు మెడ నిటారుగా పెట్టుకుని వెళ్తే, ఏం గురూ గారూ కోపంగా ఉన్నారని డ్రైవర్లు అడిగారు.

నాలుగు నెలలు నిండిన రోజున సుబ్బారాయుడు వచ్చాడు. అప్పటికి సత్యవేణి రెండు వారాలకోసారి, మంగళవారం మంగళవారం, వెళ్లొస్తోంది. పాత బిళ్లల్లో ఒకటి కూడా డాక్టరు చెప్పినట్టు వేసుకుంటోంది. సూపర్‌వైజరు గుమ్మంలో అలవాటుగా వంగి, లోపలికొచ్చి లేచి, మూడు చోట్ల కొలిచి, నాలుగో చోట కూడా కొలిచాడు. తొమ్మిదడుగుల ఒక అంగుళం.

"ఎత్తు సరిపోయిందండి. కానీ పైకప్పు ఫ్యాను లేనిదే నివాసం కాదు. రూలు. ఫ్యాను లేకపోతే ఎంత ఎత్తున్నా సామాన్ల గదే."



"ఫ్యాన్లు అత్తయ్య మంచం కింద ఉన్నాయండి" అంది సత్యవేణి. "రెక్కలు తుడవాలి." అని అత్తగారి వైపు చూసింది.

మంగతాయారు కోడలి ముఖం వైపు చాలాసేపు చూసింది. బజారులో బెండకాయ ముదిరిందో లేదో చూసినట్టు చూసింది.

"హాల్లోది పెట్టండి" అంది చివరికి. "వంటింట్లోదీ పెట్టండి. పడగ్గదిలోది మాత్రం నా మంచం కిందే ఉంటుంది. ఎప్పుడు తియ్యాలో నేను చెప్తాను."

"సరే అత్తయ్యా" అంది సత్యవేణి. ఆవిడకి కోపం రాలేదు. కాస్త ఊపిరి వచ్చినట్టుంది.

సుబ్బారాయుడు రాసుకున్నాడు. హాలు, వంటిల్లు: నివాసం. పడకగది: సామాన్ల గది, మనుషులు పడుకొనుటకు అభ్యంతరం లేదు. మట్టపర్తి సత్యవేణి: ఓటర్ల జాబితాలోనే కొనసాగును. తర్వాత కలం ఆపి, "ఈ ఎత్తు శాశ్వతమా, తాత్కాలికమా అని ఒక గడుందండి" అన్నాడు.

"వచ్చే మంగళవారం దాకా ఉంటుందండి. మంగళవారం మళ్లీ వెళ్తాను."

"శాశ్వతం అని రాసేద్దునాండి? అందరూ అదే రాయిస్తారు."

"అందరివీ ఉంటున్నాయా?"

సుబ్బారాయుడు 'తాత్కాలికం' దగ్గర టిక్కు పెట్టాడు. కాగితాలు సర్దుకున్నాక కూడా వెళ్లకుండా, ఇనప టేపుని లాగుతూ వదులుతూ నిలబడ్డాడు.

"మా ఇంట్లో ఆరూ రెండండి" అన్నాడు.

"ఎవరి పేరు మీద?" అన్నాడు వీరభద్రరావు.

"మా ఆవిడ పేరు మీదే అయ్యుంటుందండి. ఎప్పుడూ అడగలేదు. కొలిచాను గానీ నోటీసివ్వలేదు. నాకు నేనే ఎలా ఇచ్చుకుంటానండి?" జేబులోంచి చిన్న కాగితం తీశాడు. "ఆ డాక్టరమ్మ గారి పేరు చెప్తారా?"

ఆ నెలలోనే పురపాలక సంఘం వార్డు మొత్తం కొలిపించింది. మూడు వందల పన్నెండు ఇళ్లలో తొమ్మిదడుగులున్నవి నలభై ఒకటి. మిగతావాళ్లందరూ ఎప్పట్నుంచో కాస్త వంగి నడుస్తున్నారు. వయసు వల్లో, సెల్‌ఫోన్ వల్లో అనుకుంటున్నారు. పరిస్థితిని తీవ్రంగా పరిగణించిన కార్యాలయం, వెంటనే నివాసానికి కావలసిన కనీసపు ఎత్తుని తొమ్మిదడుగుల నుంచి ఆరడుగులకు తగ్గించింది. ఒక్క సంతకంతో వార్డులో చాలామందికి ఏ జబ్బూ లేకుండా పోయింది. మైకు కట్టిన ఆటో వీధి వీధీ తిరిగి అందరినీ అభినందించింది. సత్తిరాజు గారు లడ్డూలు పంచారు.

సత్యవేణికి విడిగా ఉత్తరం వచ్చింది. సవరించిన నిబంధన ప్రకారం తమ ఇల్లు అవసరమైన దానికంటే మూడడుగుల ఒక అంగుళం ఎక్కువ ఎత్తులో ఉన్నదనీ, కావున ఇకపై ఆసుపత్రికి వెళ్లవలసిన అవసరం లేదనీ అందులో ఉంది. కాగితం దళసరిగా, మంచి నాణ్యంగా ఉంది. ఆవిడ దాన్ని సగానికి మడిచి, జాకెట్టు వెనక మెడకి కుండ ఆకారం గీసుకుని కత్తిరించి పెట్టుకుంది.

ఒక సోమవారం మధ్యాహ్నం సుబ్బారాయుడు భార్య చంద్రకాంతం జాకెట్టు ముక్క పట్టుకుని వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. హాలు మధ్యలో, తిరుగుతున్న ఫ్యాను కింద, తల ముందుకి వంచి నిలబడింది.

"నిటారుగా నిలబడండి" అంది సత్యవేణి. "ఇలా కొలిస్తే కుట్టాక వెనక పైకి లాగేస్తుంది."

"నిటారుగానే ఉన్నానండి."

సత్యవేణి ఆవిడ గడ్డం కింద వేలు పెట్టి మెల్లగా పైకెత్తింది. చంద్రకాంతం కళ్లు ఫ్యాను దాకా వెళ్లి, ఫ్యాను పైదాకా వెళ్లాయి. భుజాలు మాత్రం దగ్గరికి ముడుచుకున్నాయి.

"తగలదా?"

"తగలదు. రేపటి దాకా నాది పూచీ."

"రేపటి తర్వాత?"

"రేపు మంగళవారం కదా, వెళ్తాను. ఏడు నలభై బస్సు. అత్తయ్య కిటికీ పక్కన కూర్చుంటుంది, మధ్యలో నేను. ఇవతల ఒక సీటుంటుంది, రండి."

"మంగళవారం వద్దులెండి. మంగళవారం వెళ్తే మళ్లీ వెళ్లాలంటారు."

"అందుకే మంగళవారం" అంది వంటింట్లోంచి మంగతాయారు.

చంద్రకాంతం భుజాలు ఒకదాని తర్వాత ఒకటి వదిలింది. సత్యవేణి వీపు మీద టేపు పరిచి, శ్లాబు ఎత్తుల పుస్తకంలో వెనక ఖాళీ పేజీ తీసింది. మెడ దగ్గర్నుంచి నడుం దాకా, ఇందాక వంగి నిలబడ్డప్పటి కంటే, అంగుళంన్నర ఎక్కువొచ్చింది.